412వ నంబరు రాజ్యం

శుభవార్త వచ్చేసరికి కొత్తమ్మాయి ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఒక చెప్పు వేసుకుంది, రెండోది తలుపు వెనక్కి పోయింది. చేతిలో లంచ్ బాక్సు సంచి, భుజాన బ్యాగు, పళ్ల మధ్య హెయిర్ క్లిప్పు. ఫోను తెర మీద ‘ప్రిన్సిపాల్ మేడం’ అని కనిపించగానే క్లిప్పు జారి కింద పడింది.

“కూర్చుని ఉన్నావా అమ్మా?” అన్నారు మేడం.

“నిలబడ్డాను మేడం. ఒంటికాలి మీద.”

“అయితే ఏదైనా పట్టుకో. పరిశీలకురాలు వచ్చే నెల రావాలి కదా, ఇవాళే వస్తున్నారు. మూడింటికి. మన డిజిటల్ భాండాగారం అంతా చూశారట. అందులో ఒక్క వస్తువు కోసమే ప్రయాణం ముందుకు జరుపుకున్నానని రాశారు. ఆవిడ సంతకం పెడితే మీ విభాగం శాశ్వతం, నీ ఉద్యోగమూ శాశ్వతం. నీ ఆర్డరు టైపు చేయించి నా బల్ల మీదే పెట్టుకున్నాను.”

“సంతకం పెట్టకపోతే మేడం?”

“పొద్దున్నే అలాంటి మాటలెందుకు? పెట్టకపోతే నీకు తెలిసిందేగా.”

ఆమెకు తెలిసిందే. సంతకం పడకపోతే విభాగం మూసేస్తారు, ఆమెను కాలేజీ రెండో శాఖకు పంపేస్తారు. ఆ శాఖ రైల్లో పగలూ రాత్రీ కూర్చుంటే గాని రాని చోట ఉంది. ఆమెకు పెళ్లయి ముప్పై రెండు రోజులే అయింది. ఒకే మగ్గులో రెండు టూత్ బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండటం చూసి ఇప్పటికీ రోజూ పొద్దున్నే నవ్వుకుంటోంది. ఆ బ్రష్షుల్లో ఒకదాన్ని తీసుకుని రైలెక్కడమనే ఆలోచన ఆమె బుర్రలోకి ఎక్కనే లేదు.

కాలేజీ లైబ్రరీలో ఆమెను అందరూ కొత్తమ్మాయి అంటారు. పదకొండు నెలల కిందట చేరినప్పుడు ఉద్యోగానికి కొత్త కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరు పాతబడేలోపు పెళ్లయింది కాబట్టి నిలిచిపోయింది.

విషయం విని భర్త సంతోషించాడు, కానీ ఒక పాలు తక్కువగా సంతోషించాడు. అతను సర్వే ఆఫీసులో పటాలు గీస్తాడు. మొన్నటి నుంచి మొహం ముడుచుకునే ఉన్నాడు.

“అంతేనా? నాకు ఇంకేమీ చెప్పాల్సింది లేదా?” అన్నాడు.

“ఏం చెప్పాలండీ?” అంది, చెప్పాల్సిందేమిటో బాగా తెలిసి.

మొన్న, అంటే పెళ్లయిన ముప్పయ్యో రోజున, మధ్యాహ్నం బాక్సు తెరిస్తే సంచిలో మడతపెట్టిన కాగితం దొరికింది. అది వాళ్ల రెండు గదుల ఇంటికి అతను చేత్తో గీసిన పటం. పైన ‘రాణిగారికి, నెల రోజుల పాలన పూర్తయిన సందర్భంగా’ అని ఉంది. ఎక్కడో ఒక మూల నిధి దాచి గుర్తు పెట్టాడు. ఆమె మురిసిపోయి పై వరుస చదివిందో లేదో పైఅంతస్తు నుంచి పిలుపొచ్చింది. కాగితాన్ని భద్రంగా ఉంటుందని చేతికందిన పాత పుస్తకంలో పెట్టి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి కాగితం లేదు. చెత్తబుట్ట తిరగేసింది, బల్లల కింద పాకింది. దొరకలేదు. పోయిందని చెప్పడానికి మొహం చెల్లక, అసలు చూడనట్టే ఊరుకుంది. అతనేమో ఆమె ఇల్లంతా వెతుకుతుందని రెండు రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

“ఏడూ నలభై మూడయింది,” అని హాల్లోంచి అత్తగారు హెచ్చరించింది. ఆవిడ రోజూ ఆ వేళకు చక్కెర లేని కాఫీ తాగుతుంది. డాక్టరు చక్కెర మానేయమన్నప్పటి నుంచీ ప్రతి గుక్కకీ కళ్లు మూసుకుని, దేశం కోసం తాగుతున్నట్టు తాగుతుంది. “బస్సు పోతుంది. శాశ్వతం అయ్యేదాకా అయినా టైముకి వెళ్లు.”

కొత్తమ్మాయి రెండో చెప్పు వెతుక్కుని పరుగు తీసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ చిన్న సంతోషాన్ని కూడా శుభశకునంలో కలుపుకుంది. పరిశీలకురాలిని అంతగా కట్టిపడేసిన వస్తువు ఏదై ఉంటుంది? ఇత్తడి సిరాబుడ్డా? తొలి ప్రిన్సిపాల్ మోగించిన చేతిగంటా? పురుగులు సగం తిని, మిగతా సగం మనకు వదిలిన వైద్య గ్రంథమా? అన్నీ తన చేతుల మీదుగా వెళ్లినవే. మెడ నిటారుగా పెట్టుకుని బస్సు దిగింది.

లైబ్రరీ గుమ్మంలోనే పెద్దసారు ఎదురయ్యారు. ఇరవయ్యారేళ్లుగా ఆయన అక్కడ ప్రధాన గ్రంథాలయాధికారి. ఏటా ఒక ప్రసంగం ఇస్తారు. వినడానికి ఏటా ముగ్గురొస్తారు, అందులో ఒకరు మైకు సరిచేసేవాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“పటం అమ్మా, పటం. 412. ఎవరికీ తెలియని రాజ్యం. పదకొండు పేజీల ప్రసంగం రాశాను. నిన్న సాయంత్రం నుంచి నాలుగు వేల మంది చూశారు.”

“మన దగ్గర పటాలు లేవు కదా సార్,” అంది.

అనగానే మొన్నటి కాగితం గుర్తొచ్చింది. మెట్లు రెండేసి చొప్పున దిగి కింది గదిలోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. 412 నొక్కింది. తెర నిండా వాళ్ల ఇల్లు పరుచుకుంది.

మంచం ‘నిద్రాసముద్రం’. ఫ్రిజ్జు ‘మంచుకోట’. పొయ్యి ‘నిప్పుల కొండ’. హాలు మధ్యలో ఎవరికీ అడ్డు తప్ప ఆధారం కాని స్తంభానికి ‘నుదుళ్లు పగిలే చోటు’ అని పేరు. వంటగది మూల ‘తెల్ల ఇసుక దిబ్బ’ అని రాసి ఎర్రగా గుర్తు. అంతవరకు అయినా బతకొచ్చు. హాలుకు ఉత్తరాన, అత్తగారి గది ఉండాల్సిన చోట, మీసాలతో సహా ఒక పులి బొమ్మ ఉంది. దాని కింద ‘పులి గుహ. చప్పుడు చేయకుండా దాటాలి. చిక్కితే అరగంట దాకా వదలదు’ అని ముత్యాల్లాంటి అక్షరాలు.

తెర అడుగున చిన్న అంకెలు కనిపించాయి. బొమ్మ చూసినవారు నాలుగు వేల నూట పద్దెనిమిది. ‘పూర్తి వివరాలు’ మీట నొక్కి చదివినవారు ఒక్కరు. ఆ ఒక్కరు రాసినవాడే అయి ఉంటాడని ఆమె అనుకుంది. ఆ మీట ఉందని ఇంకెవరికి తెలుసు గనక.

“బాబాయ్,” అంది. “412 తీసేయాలి.”

నంబర్ల బాబాయి తెల్ల గ్లోవ్సు తొడుక్కుని, ఇత్తడి తాళం పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీస్తున్నాడు. ముప్పై ఏళ్లు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసి వచ్చిన మనిషి. ఎవరినీ నవ్వమని అడిగింది లేదు, తను నవ్విందీ లేదు. నంబరు వేయాల్సినవి పెట్టే ఎడమ బల్ల మీద ఈగ వాలి కాసేపు కదలకుండా ఉంటే దానికీ ఫొటో తీసి, కొలిచి, నంబరు వేస్తాడని లైబ్రరీలో చెప్పుకుంటారు.

“తీయడానికి లేదమ్మా.”

“అది పొరపాటున వచ్చింది బాబాయ్.”

“ఎడమ బల్ల మీద ఉందా, లేదా?”

“ఉంది. పుస్తకంలో ఉంది.”

“పుస్తకంలో దొరికిన విడి కాగితానికి విడి నంబరు. ఒకసారి పడిన నంబరు తీసేయడానికి లేదు.” గ్లోవ్సు వేలితో గోడ మీద అట్ట చూపించాడు. “ఎవరు రాశారమ్మా అవి?”

“నేనే,” అంది.

నిజంగా ఆమే రాసింది. ఆమె చేరేనాటికి అక్కడ దుమ్ము పట్టిన ప్రతిదాన్నీ వెయ్యేళ్ల నాటిదని రాసేవారు. వారం తిరక్కుండా పారేసేవారు. అందుకని చేరిన మొదటి వారంలోనే నియమాలు రాసి గోడకు తగిలించింది. ‘కంటికి కనిపించిందే రాయాలి. ఊహించింది రాయకూడదు. నంబరు పడినదాన్ని తీసేయకూడదు.’ అట్ట అంచులకు నీలం రంగు రిబ్బను కూడా అంటించింది.

“మంచి నియమాలు,” అన్నాడు బాబాయి మనస్ఫూర్తిగా. “మరీ తీయాల్సి వస్తే ఇద్దరు సంతకాలు పెట్టాలి. పెద్దసారు, ప్రిన్సిపాల్ మేడం. అదీ మీరు రాసిందే.”

“అసలు కాగితం ఎక్కడుంది?”

“పురుగు పట్టకుండా గాలి తీసే పెట్టెలో. రెండున్నరకి తెరుచుకుంటుంది.”

“దాన్లో పురుగులేం లేవు బాబాయ్. మొన్నటి కాగితం అది.”

“ఎప్పటిదో నేను రాయలేదు. ఎవరిదో నాకు అక్కర్లేదు. ఏముందో అదే రాశాను,” అని బాబాయి మళ్లీ తాళం మీదికి వంగాడు.

కొత్తమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పేయడం ఒక్కటే దారి అనుకుని, తొలగింపు ఫారం చేత పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన అద్దం ముందు ప్రసంగం చదువుకుంటున్నారు.

“సార్, ఆ పటం గురించి. అది మా ఆయన...”

“మీ ఆయన?”

“మా ఆయన ఇచ్చారు సార్. కానీ నాకిచ్చారు. నేను దాన్ని...”

“నువ్వు మాకిచ్చావు.” పెద్దసారు కుర్చీలో కూలబడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఎంత గుట్టుగా ఉన్నావమ్మా. దాత ఎవరో తెలియక నేను రాత్రంతా మథనపడ్డాను. ఇంట్లో తరతరాలుగా దాచుకున్నది తెచ్చి, పేరైనా చెప్పకుండా ఎడమ బల్ల మీద పెట్టి వెళ్లిపోయావా?”

“తరతరాలు కాదు సార్. మొన్న...”

“మొన్న పెట్టావు, అదేగా నేనంటున్నది.” ఆయన అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నారు. “మేడం, దాత దొరికారు. మన కొత్తమ్మాయి అత్తవారు. ఔనండీ, ఇంటి పెద్దలెవరైనా వేదిక ముందు ఉంటే బాగుంటుంది. అత్తగారున్నారట. కారు పంపుదామా?”

“కారు వద్దు సార్,” అంది కొత్తమ్మాయి.

“మొహమాటపడకు. మేడం పంపించేశారు.”

ఫారం చేతిలోనే మిగిలింది. ఆమె వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని భర్తకు ఫోను చేసింది.

“ఏవండీ, ఆ పటం చూశాను.”

అవతల రెండు రోజుల అలక ఒక్క క్షణంలో కరిగిపోయింది. “చూశావా? నిజంగా? మరి చెప్పవే. నిధి తీశావా? పులి బొమ్మ నచ్చిందా?”

“చాలా బాగుంది. నాకే కాదు, నాలుగు వేల మందికి నచ్చింది.”

జరిగింది చెప్పింది.

“అమ్మకి కారు వెళ్లిందా?” అన్నాడు చివరికి.

“వెళ్లింది.”

“పులి గుహ తెర మీద వేస్తారా?”

“గోడంత తెర మీద.”

“నేను వస్తున్నాను,” అన్నాడతను. “వచ్చి ఏం చేయాలో తెలియదు. కానీ వస్తున్నాను.”

రెండున్నరకు పెట్టె తెరుచుకుంది. అప్పటికి పెద్దసారు స్వయంగా గుమ్మంలో కాపలా ఉన్నారు. కాగితం గాజు పలకల మధ్య పడుకుని, ఆయన కంటే, ఆమె కంటే గౌరవంగా లిఫ్టులో పైకి వెళ్లింది. ఆమె సమావేశ మందిరం వెనక గోడకు అంటుకుని నిలబడింది. మూడింటికి పది నిమిషాలు. సంచిలో బాక్సు తెరవనే లేదు. కడుపులో ఆకలి ఉండాల్సిన చోట రైలు కూత వినిపిస్తోంది.

అత్తగారు కారు దిగి రావడం రాణివాసం నుంచి వచ్చినట్టే ఉంది. పట్టు బట్టలు దాచుకున్న అలమర వాసనతో మొదటి వరుసలో కూర్చుంది. చేతి సంచి ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ చూసింది. కోడలు దగ్గరికి వెళ్లి వంగింది.

“అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి.”

“తర్వాత చెబుదువు గాని. మన ఇంట్లో అంత విలువైనది ఉందని వీడు నాతో ఎప్పుడూ అనలేదు చూడు. డ్రైవరు చెబితే తెలిసింది.” ఆవిడ మణికట్టు వైపు చూసుకుంది. “రెండూ యాభై ఎనిమిది. నీ స్థలంలోకి వెళ్లి నిలబడు.”

పరిశీలకురాలు సరిగ్గా మూడింటికి వచ్చింది. పొట్టి మనిషి, పొట్టి జుట్టు, మెళ్లో నల్ల దారానికి భూతద్దం. ప్రిన్సిపాల్ మేడం చేయి కలిపితే కలిపింది. కూర్చోమంటే కూర్చుంది. నవ్వలేదు. ఒళ్లో ఒక ఫైలు పెట్టుకుంది. అందులో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది.

దీపాలు ఆర్పారు. గోడంత వెడల్పున వాళ్ల ఇల్లు వెలిగింది.

పెద్దసారు ప్రసంగం మొదలుపెట్టారు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి ఆయన ముందు అరవై మంది ఉన్నారు. ఆయన చెప్పిన ప్రకారం అది ఒక దీవి. పడమట సముద్రం, తూర్పున మంచుకోట, దక్షిణాన నిప్పులు కక్కే కొండ. దాన్ని ఒక రాణి పాలించింది.

“కానీ పాలన ఎంతకాలం? నెల రోజులు. కేవలం నెల రోజులు.” పెద్దసారు ఆగారు. “తర్వాత ఆ రాణి ఏమైంది? దీనికి సమాధానం ఉత్తరాన ఉంది.”

కర్రతో పులి మీసం మీద కొట్టారు.

“ఇది రాజ్యానికి కాపలా ఉన్న క్రూరమృగం కావచ్చు. లేదా పులి అనే బిరుదున్న ఒక నిరంకుశ సేనాపతి కావచ్చు. రాజ్యంలోని ప్రతి దారీ ఆ గుహ ముందు నుంచే వెళుతుంది, గమనించండి. ప్రజలు చప్పుడు చేయకుండా దాటేవారు. చిక్కినవాళ్ల గతి మాటల్లో చెప్పలేం. రాణి కూడా చివరికి ఆ పులి పాలే పడి ఉంటుందని నా నమ్మకం.”

మందిరమంతా నిట్టూర్చింది. కొత్తమ్మాయి గోడను ఇంకొంచెం గట్టిగా హత్తుకుంది. మొదటి వరుసలో అత్తగారి తల మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. కూరగాయల తూకం చూసేటప్పుడు అలాగే ఒరుగుతుంది. ఆవిడ చూపు నుదుళ్లు పగిలే చోటు దగ్గర ఆగింది. ఆవిడ చేయి తనకు తెలియకుండానే నుదుటి మీదికి వెళ్లింది. అక్కణ్నుంచి చూపు ఉత్తరానికి తిరిగింది.

అదే క్షణంలో వెనక తలుపు తెరుచుకుని భర్త రొప్పుతూ లోపలికి వచ్చాడు. తెర చూశాడు, వెనక నుంచి తల్లి తల చూశాడు. భార్య పక్కకు వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఇద్దరి చేతులూ చీకట్లో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.

“ఒక ప్రశ్న,” అంది పరిశీలకురాలు. అంతసేపట్లో అదే ఆవిడ మొదటి మాట. “ఈ వస్తువు వివరాలు రాసిందెవరు?”

“నేనే,” అని బాబాయి లేచాడు.

“చదవండి. పైకి వినపడేలా.”

బాబాయి జేబులోంచి కార్డు తీశాడు. చేతికి గ్లోవ్సు ఇంకా ఉన్నాయి.

“412. విడి కాగితం, ఒకటి. చేత్తో గీసిన పటం. స్థలం తెలియదు. కాలం తెలియదు. సిరా, గోధుమ రంగు బాల్ పెన్ను. కాగితం రంగు మారింది, టీ వల్ల. టీ కావాలని పోసినట్టుంది. ఇంకా వాసన వస్తోంది. ఎడమ మూల నూనె వేలిముద్ర, తాజాది. మంచుకోట అనే చోట తలుపుకి పిడి, కింద ప్లగ్గు ఉన్నాయి.”

కూర్చున్నాడు.

పెద్దసారు పదకొండు పేజీలనూ మెల్లగా మడిచి సగం చేశారు, మళ్లీ సగం చేశారు. ప్రిన్సిపాల్ మేడం కొత్తమ్మాయి వైపు చూశారు. ఆ చూపులో టైపు చేసిన ఆర్డరు రెండు ముక్కలుగా చిరిగిపోవడం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

కొత్తమ్మాయి భర్త చేయి వదిలేసి ముందుకు నడిచింది.

“తప్పు నాది మేడం. అది మా ఇల్లు. మా ఆయన నాకోసం గీశారు. నేనే ఎడమ బల్ల మీద మర్చిపోయాను. పెద్దసారు తప్పు లేదు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. బాబాయి తప్పు అసలే లేదు.”

“ఆ సంగతి నాకు నిన్నే తెలుసు,” అంది పరిశీలకురాలు. “పూర్తి వివరాలు చదివాను.”

ఆవిడ ఫైలు చేతిలోకి తీసుకుని లేచింది.

“నేను ఇలాంటి భాండాగారాలు చాలా చూశాను. అన్నిచోట్లా ప్రతి కుండా రాజుగారిదే, ప్రతి కత్తీ యుద్ధంలోదే. ఎవరి బల్ల మీదైనా టీ పోసిన కాగితం దొరికితే అయిదొందల ఏళ్లు అని రాసేస్తారు. టీ పోసిన కాగితాన్ని టీ పోసిన కాగితమని రాసిన చోటు ఇదొక్కటే కనిపించింది. తెలియనిచోట తెలియదని కూడా రాశారు. మిగతా నాలుగు వందల పదకొండు వస్తువులూ ఇలాగే రాసి ఉంటే వాటిని నమ్మొచ్చు అనుకున్నాను. కంటితో చూసి పోదామని వచ్చాను.” ఆవిడ బాబాయి వైపు తిరిగింది. “కనిపించిందే రాయాలన్న పద్ధతి ఎవరిది?”

“ఈ అమ్మాయిదే,” అన్నాడు బాబాయి. “రిబ్బను కూడా ఈ అమ్మాయే అంటించింది.”

పరిశీలకురాలు ఫైలు తెరిచి సంతకం పెట్టింది. రెండు చోట్ల పెట్టాలి, రెండు చోట్లా పెట్టింది. పెద్దసారు ప్రసంగం మిగిలిపోయిందని గమనించి, “మీరు చెప్పే తీరు చాలా బాగుంది. ఆ సిరాబుడ్డి గురించి చెప్పకూడదూ? దాని వివరాలు కూడా చదివి చెప్పండి,” అంది. పెద్దసారు మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

కొత్తమ్మాయికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆకలి కూడా వేసింది. వెనక్కి తిరిగి భర్త వైపు రెండడుగులు వేసిందో లేదో, మొదటి వరుసలో అత్తగారు లేచి నిలబడింది.

“అయిపోయిందా అందరిదీ?” అంది. “ఇప్పుడు నాకొక సందేహం. ఏరా, ఇలా రా.”

కొడుకు వచ్చాడు. బడిలో తప్పు చేసి పిలిపించుకున్నప్పటి నడకే అది.

“ఆ పులున్న గది ఏది?”

అతను తెర వైపు చూపు తిప్పాడు. “అదమ్మా, ఉత్తరాన...”

“ఉత్తరాన మనకి ఒక్కటే గది ఉంది. అందులో ఉండేది నేను. చిక్కితే అరగంట వదలదా? నేను మీ ఇద్దరితో నాలుగు మాటలు మాట్లాడితే అరగంటా?”

కొత్తమ్మాయి నడుస్తున్నదల్లా ఆగింది. ఉద్యోగం శాశ్వతమైంది సరే. ఇక ఇంట్లో పాలన ముప్పై రెండు రోజులతోనే ముగిసేలా ఉంది. ఏమని సర్దిచెప్పాలో తోచక దిక్కులు చూస్తుంటే, పరిశీలకురాలు భూతద్దం దించి, మామూలు మనిషిలా ఆసక్తిగా అడిగింది.

“ఇంతకీ నిధి దొరికిందా?”

“లేదండీ, నేనింకా తీయలేదు,” అంది కొత్తమ్మాయి. “ఎక్కడుందో ఇప్పుడే అర్థమైంది. తెల్ల ఇసుక దిబ్బ అంటే చక్కెర డబ్బా కదండీ?”

“ఔను,” అన్నాడు భర్త, తల్లి మొహం చూడకుండా. “చిన్న వాచీ. నీకోసం.”

“గుండ్రటిదా?” అన్నాడు బాబాయి లేవకుండానే.

“ఔను.”

“నీలం పట్టా? అంకెల బదులు చుక్కలా?”

“ఔను. మీకెలా తెలుసు?”

“మొదటి వరుసలో ఉంది,” అన్నాడు బాబాయి. “ఎడమ మణికట్టు.”

అరవై మంది ఒక్కసారే అటు చూశారు. అత్తగారి ఎడమ చేయి చేతి సంచి వెనక్కి పోయింది. అందరికంటే ఆలస్యంగా కొత్తమ్మాయికి ఏడూ నలభై మూడు గుర్తొచ్చింది. రెండూ యాభై ఎనిమిది కూడా.

“నిన్న దొరికింది,” అంది అత్తగారు, గొంతు ఒక మెట్టు దిగి. “నా కొడుకు నాకోసమే దాచాడనుకున్నాను. ఆశ్చర్యపరుద్దామనుకున్నాడేమో, నేనూ బయటపడకుండా ఉందామని ఊరుకున్నాను. అయినా వాచీ పెట్టడానికి ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదట్రా నీకు?”

“నువ్వు చేయి పెట్టని చోటు అదొక్కటే కదమ్మా,” అన్నాడు కొడుకు అమాయకంగా. “డాక్టరు వద్దన్నాడు కదా.”

ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని బాబాయి ఉంటే కొలిచి ఉండేవాడు. ఉన్నాడు, వాచీ చూసుకున్నాడు కూడా.

అత్తగారు ముందు తెర మీది పులిని చూసింది. తర్వాత కోడల్ని చూసింది. కోడలు నవ్వకుండా ఉండటానికి కింది పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ వాచీ విప్పి కోడలి చేతికి తనే పెట్టి, పట్టా రెండో రంధ్రంలో బిగించింది.

“నాకు కాస్త వదులుగానే ఉందిలే,” అంది. తర్వాత కొడుకుతో, “పులి బొమ్మ మాత్రం బాగానే గీశావు. మీసాలు తగ్గించు.”

“మీసాలు తగ్గించడానికి లేదండీ,” అన్నాడు బాబాయి. “నంబరు పడింది.”

అందరూ టీ తాగడానికి బయల్దేరారు. గుమ్మం దగ్గర పరిశీలకురాలు ఆగి, కార్డులో ‘స్థలం తెలియదు’ అని ఉందని, ఇప్పుడు తెలిసింది కాబట్టి కంటితో చూసి సరిచేయాలని గుర్తు చేసింది. తనకు రైలు రేపు మధ్యాహ్నం గాని లేదంది. పద్ధతి పద్ధతేనని కొత్తమ్మాయి ఒప్పుకుంది.

“రేపు పదింటికి అందరూ మా ఇంటికి రండి,” అంది అత్తగారు. “పెద్దసారు గారు కూడా రావాలి. రాజ్యం చూద్దురు గాని. హాల్లో స్తంభం దగ్గర జాగ్రత్త.”

బాబాయి గ్లోవ్సు విప్పి జేబులో పెట్టుకుని, డైరీలో రేపటి పేజీ తీసి రాసుకున్నాడు: ‘ఉదయం పది. పులి గుహ, కొలతలు. చక్కెర డబ్బా, ముందు తూకం, తర్వాత ఫొటో.’